చెరువుకు ఊపిరాడని వేళ

పొన్నూరు, కాకుమాను, బాపట్ల వైపు ఏ చేపల చెరువులోనైనా తెల్లారేసరికి చేపలు వెల్లకిలా తేలాయంటే, గట్టు మీద ముందుగా పుట్టే మాట ఒకటే: ఎవరో మందు కలిపారు. పక్క చేలో మందు కొట్టిన రైతు మీదకో, పాత తగాదా ఉన్న మనిషి మీదకో అనుమానం పోతుంది. ఈ అనుమానం ఊరికే పుట్టింది కాదు. మనది పత్తి, మిరప పండించే నేల. 1980ల్లో సింథటిక్ పైరెత్రాయిడ్లు పత్తి చేలలోకి వచ్చాయి. 1987-88లో ఎన్నిసార్లు మందు కొట్టినా పురుగు చావక, గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. చేపల పాలిట మహా విషమైన ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు 2011లో ఆపేదాకా వాడుతూనే ఉన్నాం. 2021లో మిరపకు నల్ల తామర పురుగు పట్టినప్పుడు డబ్బా మీద డబ్బా ఖాళీ అయింది. ఇంత మందు తాగిన నేల మీద చేప చస్తే మందునే అనుమానించడం సహజం. అయినా నా వాదన వేరు. తెల్లవారుజామున తేలిన చేపల విషయంలో మొదట అనుమానించవలసింది మందును కాదు, ఆక్సిజన్ కరువును. రెండింటిలో ఏది కారణమో చచ్చిన చేపలూ, చావకుండా మిగిలిన చేపలూ కలిసి చాలావరకు చెప్పేస్తాయి. ఆ సాక్ష్యం అర్థం కావాలంటే నీళ్లలో బతికే ప్రాణి ఊపిరి ఎలా తీసుకుంటుందో తెలియాలి.

ముందు లెక్క చూద్దాం. మనం పీల్చే గాలిలో అయిదో వంతు ఆక్సిజనే. లీటరు గాలిలో దాదాపు 270 మిల్లీగ్రాములు ఉంటుంది. 30 డిగ్రీల వెచ్చదనం ఉన్న మంచినీళ్లు గాలి నుంచి పట్టుకోగలిగినంతా పట్టుకున్నా, లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములకు మించదు. అంటే ఒక్క గ్రాము ఆక్సిజన్ ఉన్న గాలి నాలుగు లీటర్ల లోపే. దాని బరువు అయిదు గ్రాములు కూడా ఉండదు. అదే గ్రాము నీళ్లలో దొరకాలంటే 130 లీటర్లు, అంటే 130 కిలోల నీళ్లను చేప తన నోట్లోంచి నడిపించాలి. ఆ నీళ్లు గాలికన్నా దాదాపు 800 రెట్లు బరువైనవి. ఊపిరి తీసుకోవడానికి మనం ఖర్చుపెట్టే శక్తి వందలో ఒకటి రెండు పాళ్లు; చేపకు అది పదో వంతు దాకా పోతుందని అంచనా. దీనికి తోడు వేసవి ఒకటి. 20 డిగ్రీల నీళ్లు లీటరుకు 9 మిల్లీగ్రాములు పట్టుకుంటే, 30 డిగ్రీల దగ్గర అది ఏడున్నరకు పడిపోతుంది. చేప ఒంటి వేడి నీళ్ల వేడిని బట్టే ఉంటుంది కాబట్టి, పది డిగ్రీలు పెరిగితే దానికి కావలసిన ఆక్సిజన్ రమారమి రెట్టింపవుతుంది. రోహిణీ కార్తెలో మన చెరువు చేప పరిస్థితి ఇది: అవసరం పెరిగిన రోజుల్లోనే సరఫరా తగ్గుతుంది.

నీరంటేనే హైడ్రోజన్, ఆక్సిజన్ కదా, నీళ్ల నిండా ఆక్సిజనే ఉంటే కరువేమిటని బడి పిల్లలు అడుగుతారు. పెద్దలకూ ఈ సందేహం లేకపోలేదు. నీటి అణువులో బిగిసిపోయిన ఆక్సిజన్‌ను విడదీసి వాడుకునే శక్తి ఏ చేపకూ లేదు. అది పీల్చేది గాలిలోంచి వచ్చి నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌నూ, నీటి మొక్కలు వదిలిన ఆక్సిజన్‌నూ మాత్రమే. ఆ కొద్దిపాటి సరుకును పట్టుకోవడానికి చేపకున్న పరికరం మొప్ప. నోరు తెరిచి నీళ్లు తీసుకుంటుంది, నోరు మూసి మొప్పల మీదుగా నెడుతుంది, పక్కనున్న మొప్ప మూత తెరుచుకుని నీళ్లు బయటికి పోతాయి. మన ఊపిరితిత్తిలో గాలి వచ్చిన దారినే వెనక్కి పోతుంది. చేపలో నీటి దారి ఒకవైపే. అసలు నేర్పు ఇంకా లోపల ఉంది. మొప్ప రేకుల్లో నెత్తురు, నీళ్లు వచ్చే దిక్కుకు ఎదురు పారుతుంది. రెండూ ఒకే దిక్కున పారితే నెత్తుట్లోనూ నీళ్లలోనూ ఆక్సిజన్ సగం సగం కాగానే మార్పిడి ఆగిపోతుంది. ఎదురెదురుగా పారితే, దాదాపు నిండిన నెత్తురుకు కూడా ఇంకా నిండుగా ఉన్న కొత్త నీళ్లు తగులుతూనే ఉంటాయి. అందుకే నీళ్లలోని ఆక్సిజన్‌లో నూటికి డెబ్బై, ఎనభై పాళ్ల దాకా లాక్కోగల చేపలున్నాయి; మనం పీల్చిన గాలిలోంచి తీసుకునేది నాలుగో వంతే. మరి ఇంత గొప్ప పరికరం ఉండి, ఆక్సిజన్ పుష్కలంగా ఉన్న గట్టు మీద పడితే చేప ఎందుకు చస్తుంది? నీటి ఆసరా పోగానే ఆ పల్చటి రేకులన్నీ తడిసిన పుస్తకంలో కాగితాల్లా ఒకదానికొకటి అంటుకుపోతాయి. ఆక్సిజన్ ఉంది, దాన్ని అందుకునే వైశాల్యం పోయింది.

చేప నోట్లోంచి పోయే ఆ నీటి ప్రవాహమే తిండి కూడా తెస్తుంది. ఈ సంగతి మనం అంతగా పట్టించుకోం. మొప్పకు బయటి వైపు నెత్తురు రేకులుంటే, లోపలి వైపు జల్లించే ముళ్లుంటాయి. బొచ్చె చేప పైపొరల్లో తిరుగుతూ ఆ ముళ్లతో నీటిలోని సూక్ష్మజీవులను వడకట్టుకుంటుంది. శీలావతి నడిమి నీళ్లలో మేస్తుంది, మోసు అడుగున కుళ్లిన పదార్థం ఏరుకుంటుంది. ఆల్చిప్ప అయితే ఊపిరికీ మేతకూ మొప్పనే వాడుతుంది. ఊపిరీ తిండీ ఇంత దగ్గరి చుట్టాలు కాబట్టే ఒకదాని లెక్క తప్పితే రెండోదాని మీద పడుతుంది. మన జిల్లాల్లో చిల్లుల సంచుల్లో తవుడు, వేరుశనగ చెక్క, పత్తి చెక్క నింపి కర్రలకు కట్టి వేలాడదీస్తారు. చేప కడుపు నిండా తిన్నాక, దాన్ని అరిగించుకోవడానికి కొన్ని గంటలపాటు మామూలు కన్నా ఎక్కువ ఆక్సిజన్ వాడుతుంది. తినకుండా మిగిలిన మేత అడుగున చేరి కుళ్లుతుంది, ఆ కుళ్లబెట్టే పని చేసే బాక్టీరియా కూడా ఆక్సిజన్‌నే వాడుకుంటుంది. సాయంత్రం మబ్బు కమ్మిన రోజు కూడా అలవాటు ప్రకారం సంచి నింపే రైతు తన చేపలకు మేలు చేస్తున్నానని అనుకుంటాడు. నిజానికి ఆ రాత్రి వాటి ఊపిరిలో వాటా పంచుకునేవాళ్లను పెంచుతున్నాడు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. చెరువులో ఆక్సిజన్‌ను ఎక్కువగా వాడుకునేది చేపలు కావు. పచ్చగా కనిపించే నీళ్లలో కంటికి ఆనని ఆకుపచ్చ జీవులు కోట్లాదిగా ఉంటాయి. వాటినే రైతులు ప్లాంక్టన్ అంటున్నారు. ఎండ ఉన్నంతసేపూ అవి ఆక్సిజన్ తయారు చేస్తాయి. బాగా పచ్చబడిన చెరువులో మధ్యాహ్నం మూడు గంటలకు, గాలి నుంచి కరగగలిగిన దానికన్నా ఎక్కువ ఆక్సిజన్ ఉంటుంది. పొద్దు గూకాక ఆ తయారీ ఆగిపోతుంది. ఊపిరి మాత్రం ఆగదు. రాత్రంతా ఆ పచ్చ జీవులూ, అడుగు బురదలోని బాక్టీరియా, వాటి తరవాత చేపలూ పగటి నిల్వను తింటూ పోతాయి. గాలి నుంచి రావచ్చు కదా అంటే, కదలని నీళ్లలో ఆక్సిజన్ గాలిలోకన్నా దాదాపు పది వేల రెట్లు నెమ్మదిగా పాకుతుంది. గాలి వీచి అలలు లేస్తే తప్ప పైపొర దాటి కిందికి దిగదు. అందుకే ఏ చెరువులోనైనా ఆక్సిజన్ అట్టడుగుకు పడిపోయేది పొద్దు పొడవడానికి కాస్త ముందు. ముసురు పట్టి రెండు రోజులు ఎండ కనిపించకపోతే పగటి నిల్వే ఉండదు, రెండో రాత్రికో మూడో రాత్రికో చెరువు చేతులెత్తేస్తుంది. కొన్నిసార్లు ఆ పచ్చ జీవులే ఒక్కసారిగా చచ్చి నీళ్లు గోధుమ రంగుకు తిరుగుతాయి. అప్పుడు తయారుచేసేవాళ్లు పోయి, కుళ్లబెట్టేవాళ్లే మిగులుతారు. బొచ్చె, శీలావతి, మోసు లాంటి మన కార్పు జాతులకు లీటరుకు 5 మిల్లీగ్రాముల పైన ఉంటే బాగుంటుంది. 3 కిందికి దిగితే మేత మీద ధ్యాస పోతుంది, 1 దగ్గరికి వస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఈ లెక్కలో ఎక్కడా దొంగ లేడు, విషం లేదు.

ఇక సాక్ష్యానికి వద్దాం. ఆక్సిజన్ తగ్గినప్పుడు చేపలు ముందుగా పైకి వచ్చి, గాలి తగిలే ఆ పైపొర నీటినే గుటకలు వేస్తాయి. చిన్న చేపలకు ఆ పల్చటి పొర కొంతసేపు సరిపోతుంది, పెద్ద చేపకు చాలదు. అందుకే ఊపిరాడక జరిగిన చావుల్లో సాధారణంగా పెద్దవి ముందు పోతాయి, వాటిలోనూ బొచ్చె మొదటి వరసలో ఉంటుంది. నోరు తెరుచుకుని, మొప్ప మూతలు విచ్చుకుని ఉంటాయి. పురుగుమందు కలిసిన నీళ్లలో ఈ వరస తలకిందులవుతుంది. పిల్లచేపలు, రొయ్యలు, నీటి పురుగులు ముందు చస్తాయి, ఎందుకంటే పురుగును చంపడానికి చేసిన మందు పురుగుకు చుట్టమైన రొయ్యను వదిలిపెట్టదు. ఇంకో మంచి సాక్షి కొరమీను. కొరమీను, మార్పు, ఇంగిలాయి, గొరక - ఇవి నాలుగూ మొప్పలు ఉండి కూడా పైకి వచ్చి నేరుగా గాలి పీల్చే చేపలు. కొరమీనుకు తలలో మొప్పల పైన ఒక గది ఉంటుంది. మార్పుకు చెట్టు కొమ్మల్లాంటి అవయవం, ఇంగిలాయికి మొప్పల దగ్గర నుంచి వెన్ను కండల్లోకి సాగిన గాలి గొట్టాలు. ఈ అవయవాల పుట్టుకనూ, ఈ చేపల జీవన విధానాన్నీ వివరిస్తూ బి.కె. దాస్ 1927లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ప్రచురించిన వ్యాసం ఈ విషయంలో తొలి గట్టి పరిశోధనల్లో ఒకటి. తరవాత ఆయన హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్ర ఆచార్యులుగా పనిచేశారు. కాబట్టి చెరువు గట్టు మీద అడగవలసిన మొదటి ప్రశ్న, కొరమీను కూడా చచ్చిందా అని. బొచ్చెలన్నీ తేలి కొరమీను హాయిగా తిరుగుతుంటే, నీళ్లలో లేనిది ఆక్సిజన్. కొరమీను కూడా తేలితే, ఆ నీళ్లలో ఉండకూడనిదేదో ఉంది. పైకి రావడానికి వీల్లేకుండా వలలో చిక్కుకున్న కొరమీను సాక్ష్యం మాత్రం చెల్లదు. గాలి అందకపోతే అది నీళ్లలో మునిగే చస్తుంది.

గాలి పీల్చడం అంత సుఖమైతే చేపలన్నీ అదే దారి ఎందుకు పట్టలేదు? పైకి వచ్చిన ప్రతిసారీ కొంగకూ, నీటికాకికీ కనపడాలి, ఈదడానికి శక్తి ఖర్చవ్వాలి. చల్లగా, ఆక్సిజన్ నిండుగా ఉండే నీళ్లలో ఆ ఖర్చుకు అర్థం లేదు. దక్షిణ ధ్రువం చుట్టూ ఉన్న గడ్డకట్టే సముద్రంలో ఒక చేపల కుటుంబం ఉంది, దాని నెత్తుట్లో హీమోగ్లోబినే లేదు. నెత్తురు నీళ్లలా తెల్లగా ఉంటుంది. అంత చల్లటి నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌తోనే దానికి గడిచిపోతుంది. కృష్ణా డెల్టాలో కనిపించేలాంటి వెచ్చటి, పాచి పట్టిన గుంటలు పెంచింది కొరమీనును. వరి చేలల్లో కనిపించే గుల్ల నత్తకైతే మొప్పా ఉంది, ఊపిరితిత్తీ ఉంది. ఇలాంటి నీళ్లలో ఆక్సిజన్ కరువు నిన్న మొన్నటిది కాదు, ఎన్నో లక్షల ఏళ్ల నాటిదని చెప్పడానికి ఈ జీవుల శరీరాలకు మించిన రుజువు అక్కర్లేదు. మృగశిర కార్తెలో హైదరాబాదులో ఉబ్బసానికి ఇచ్చే చేప మందులో కొరమీను పిల్లనే మింగిస్తారు. వైద్యంగా దానికి శాస్త్రీయ ఆధారం లేదు గాని, ఎంపిక చేసిన చేప మాత్రం ఊపిరి విషయంలో ఘనురాలే.

ఒక అభ్యంతరం తరచుగా వినిపిస్తుంది: మీటరు పెట్టి చూశాం, ఆక్సిజన్ బాగానే ఉంది, కాబట్టి ఇది విషమే. ఎన్ని గంటలకు చూశారన్నదే అసలు ప్రశ్న. చేపలు ఊపిరాడక కొట్టుకున్నది తెల్లవారుజామున నాలుగున్నరకు. జనం చేరి, కబురు వెళ్లి, మీటరు వచ్చేసరికి పది దాటుతుంది. అప్పటికి నాలుగు గంటల ఎండ పడి, మిగిలిన ప్లాంక్టన్ మళ్లీ పని మొదలుపెట్టి ఉంటుంది. పైగా మీటరును గట్టు పక్క పైనీళ్లలో ముంచుతారు, అక్కడ సాధారణంగా లెక్క మెరుగ్గానే వస్తుంది. హంతకుడు వెళ్లిపోయిన తరవాత ఇల్లు వెతికి ఎవరూ లేరని రాసుకున్నంత మాత్రాన హత్య జరగలేదని కాదు కదా.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. మీరు పురుగుమందును వెనకేసుకొస్తున్నారు, మందు చేల నుంచి కాలవల్లోకి, డ్రెయిన్లలోకి రావడం లేదా అని. వస్తోంది. నాగార్జున విశ్వవిద్యాలయం జంతుశాస్త్ర విభాగంలో దశాబ్దాలుగా జరిగిన పరిశోధనల్లో, చావని మోతాదులో మందు తగిలిన చేపలు కూడా ఆక్సిజన్ వాడకంలో తేడా చూపుతాయని కొలిచారు. అయితే మందు చేపలోకి వెళ్లే ముఖ్యద్వారం ఏదో గమనించండి. అదీ మొప్పే. గ్రాము ఆక్సిజన్ కోసం 130 లీటర్లు వడకట్టే అవయవం, ఆ నీళ్లలో కరిగిన విషాలకూ ఒంట్లోకి దారి ఇస్తుంది. ఆక్సిజన్ తగ్గితే చేప ఇంకా ఎక్కువ నీళ్లు నడిపిస్తుంది, అంటే ఇంకా ఎక్కువ మందు తాగుతుంది. 1961లో ఆర్. లాయిడ్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ట్రౌట్ చేపల మీద ప్రయోగాలు చేసి, ఆక్సిజన్ తగ్గిన నీళ్లలో ఒకే విషం మరింత ప్రమాదకరమని చూపించాడు. పగలు ఆక్సిజన్ నిండుగా ఉన్నప్పుడు తట్టుకోగలిగిన మందే తెల్లవారుజామున చంపగలదు. నా వాదన మందును నిర్దోషి అనడం లేదు. ముద్దాయిల పట్టికలో రెండో పేరు కూడా రాయమంటోంది.

కాలవల సంగతి కొంచెం వేరు. పారే నీరు ఆక్సిజన్‌కు మంచి మిత్రుడు. కొమ్మమూరు కాలవలో నీళ్లు నిండుగా నడుస్తున్నంత కాలం చేపకు దిగులు లేదు. వేసవిలో కాలవలు కట్టేశాక మిగిలిన మడుగుల్లోనూ, గుర్రపుడెక్క కప్పేసిన డ్రెయిన్లలోనూ అసలు కథ నడుస్తుంది. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఆ మొక్క నీళ్ల మీద చాప పరిచి ఎండను కిందికి దిగనివ్వదు. పైగాలి తగలనివ్వదు, చచ్చిన ఆకులను కుళ్లడానికి కిందికి పంపుతుంది. అది తయారు చేసే ఆక్సిజన్ గాలిలోకే పోతుంది గాని నీళ్లలోకి రాదు. పచ్చగా ఉంది కదా అని దాన్ని ఆక్సిజన్ కర్మాగారంగా చూసేవాళ్లు ఈ ఒక్క సంగతి మరచిపోతారు.

నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్లు ఉన్నాయి కదా అంటే, ఉన్నాయి. 2009లో వనామీ రొయ్యకు అనుమతి వచ్చాక బాపట్ల, నిజాంపట్నం తీరంలో వాటి చప్పుడు వినపడని చెరువు అరుదు. రొయ్య అడుగున తిరిగే ప్రాణి, ఆక్సిజన్ మొదట తరిగేదీ అడుగునే. దాని నెత్తుట్లో ఇనుముకు బదులు రాగి ఉంటుంది, ఆక్సిజన్ అంటగానే లేత నీలంగా మారుతుంది. వీపు పెంకు కింద దాచిన మొప్పల మీదుగా ఒక చిన్న తెడ్డు లాంటి అవయవం ఆపకుండా నీళ్లు తోడుతుంది. ఊపిరి అందకపోతే రొయ్యలు గట్టు వారగా చేరతాయి. అందుకే రొయ్య రైతు రాత్రి ఏరియేటర్‌ను ఆపడు. చేపల చెరువులు వేసేవాళ్లు మాత్రం చాలామంది కరెంటు ఖర్చుకు జడిసి, అన్నీ సక్రమంగా ఉన్న మధ్యాహ్నం ఒక గంట తిప్పి సరిపెట్టుకుంటారు. పగటి పూట తిప్పితే పైనా కిందా నీళ్లు కలిసే లాభం ఉంది, కాదనను. కాని ఎక్కువై పొంగుతున్న ఆక్సిజన్‌ను గాలిలోకి తోలి, కరువు వేళ నిద్రపోవడం తెలివైన పద్ధతి కాదు. ఏరియేటర్ పని అర్ధరాత్రి నుంచి పొద్దు పొడిచేదాకా. ఏరియేటర్ లేనివాళ్లకు ఇంకా చవకైన మందు ఉంది: ముసురు పట్టిన రోజు మేత సంచులు కట్టకపోవడం, ఎకరాకు వేసే పిల్ల సంఖ్య తగ్గించడం. రెండోది ఎవరికీ నచ్చదు. అయినా చెరువు రాత్రిపూట ఎంత ఊపిరి ఇవ్వగలదో అంతకు మించి బరువు ఎక్కించి, తరవాత పక్కవాడి మీద ఫిర్యాదు రాయడం కన్నా అది నయం.

చివరగా ఒక్క విన్నపం. ఆక్సిజన్ సాక్ష్యం ఎండ ఎక్కేకొద్దీ మాయమవుతుందన్నాను. దాన్ని సీసాలో బంధించే పద్ధతి ఉంది. 1888లో హంగేరీ రసాయన శాస్త్రవేత్త లాయోష్ వింక్లర్ కనిపెట్టాడు. గాలి బుడగ లేకుండా నింపిన సీసాలో అక్కడికక్కడే రెండు రసాయనాలు కలిపితే ఆ క్షణంలో ఉన్న ఆక్సిజన్ మడ్డిగా స్థిరపడుతుంది. ఎంత ఉన్నదీ తరవాత ప్రయోగశాలలో తీరిగ్గా లెక్కకట్టవచ్చు. చేపల చెరువు ఉన్న ప్రతి ఊళ్లోనూ అలాంటి సీసాలు రెండు, ఆ రసాయనాలు, చచ్చిన చేపలను దాచడానికి ఒక ఐసు పెట్టె ఉంచుకోవడం రైతు సంఘాలకు పెద్ద ఖర్చు కాదు. చేపలు గుటకలు వేస్తున్నాయని తెల్లవారుజామున కబురు వస్తే, ముందు ఏరియేటర్ వేయండి, అదే చేత్తో అడుగు నీళ్లతో ఒక సీసా నింపండి, ఏ చేప చచ్చిందో, ఏ చేప బతికుందో రాసుకోండి. పోలీసు స్టేషన్‌కు వెళ్లవలసి వస్తే ఆ కాగితం, ఆ సీసా పట్టుకుని వెళ్లండి.